షిప్ ఎక్కనక్కర్లేని ఉద్యోగం

విమానాశ్రయం పక్కనే ఉన్న మా లంబాలైన్‌లో విమానం దిగుతుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. మాట మధ్యలో ఆపి, విమానం నేలకి ఆనాక మళ్ళీ అక్కణ్ణుంచే అందుకోవడం ఇక్కడివాళ్ళందరికీ అలవాటు. పక్కింటి రాజ్‌కిరణ్‌కి చాలాకాలం ఆ అలవాటు పట్టుబడలేదు. పట్టుబడడానికి అతను ఇంట్లో ఉంటేగా.

నా పేరు శారదాదేవి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. రాజ్‌కిరణ్ నా దగ్గర చదువుకున్నవాడే. చౌల్దారీ నుంచి బస్సులో వచ్చేవాడు. వాళ్ళ తాత గవరయ్య సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మనవడికి ఆంధ్ర అంటే తాత చెప్పిన ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలీదు. తెలుగు గలగలా మాట్లాడేవాడు, రాయమంటే మాత్రం పెన్సిల్ కొరుక్కుంటూ కిటికీలోంచి చూసేవాడు. డిక్టేషన్ చెబితే ఒత్తులన్నీ ఎటో వెళ్ళిపోయేవి. అలాంటివాడు చివరికి చుక్క తప్పినా ఒప్పుకోని కంప్యూటర్ల మధ్య పడ్డాడంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

అతని ఉద్యోగం ఏమిటంటే, దీవుల్లో సహకార సంఘాల దుకాణాలు ఉంటాయి కదా, వాటిలో కొన్నిటికి కంప్యూటర్లు చూసిపెట్టే ఒక ప్రైవేటు ఏజెన్సీలో కాంట్రాక్టు మీద పని. ప్రతి దుకాణంలో బల్ల కింద ఒక సర్వర్ ఉంటుంది. బియ్యం ఎంత వచ్చింది, పంచదార ఎంత పోయింది, ఎవరి కార్డు మీద ఏమిచ్చారు, అంతా దానిలోనే. ఆ సర్వర్లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా, పాతది తీసి కొత్తది పెట్టాలన్నా రాజ్‌కిరణే వెళ్ళాలి. కార్ నికోబార్, కమోర్టా, కచ్చల్, క్యాంప్‌బెల్ బే, ఇటు హట్ బే, అటు డిగ్లీపూర్. బ్యాగులో డిస్కు పెట్టుకుని షిప్ ఎక్కేవాడు. అక్కడికెళ్ళి చేసే పని అరగంట. వెళ్ళడానికి రోజులు, రావడానికి ఇంకా ఎక్కువ రోజులు. సముద్రం బాగోకపోతే షిప్ కదలదు, కదిలినా టికెట్ దొరకదు, దొరికినా చివరి నిమిషంలో ఇంకెవరికో ఇచ్చేస్తారు.

"అరగంట పనికి పది రోజుల ప్రయాణమా? నీకంటే మా పోస్ట్‌మ్యాన్ నయం" అని ఏడిపించేదాన్ని.

"క్యా కరే మేడం, సర్వర్ నడిచి రాదు కదా" అనేవాడు.

ఆ వేళాకోళం నేను మానేసింది అతని మొదటి బిడ్డ పోయినప్పుడు.

రాజ్‌కిరణ్ భార్య హరిత ఒక మెడికల్ షాపులో పనిచేసేది. నెమ్మదైన పిల్ల. ఎనిమిదో నెల నడుస్తుండగా ఏజెన్సీవాళ్ళు అతన్ని క్యాంప్‌బెల్ బే పంపారు. కొత్త వెర్షన్ పెట్టి రావాలి. ఇంకా టైముంది కదా, వెళ్ళొచ్చేస్తానన్నాడు. వెళ్ళొచ్చెయ్యండి అని హరిత కూడా అంది. వెళ్ళాక సముద్రం ఎదురు తిరిగింది. షిప్ అక్కడే ఆగిపోయింది. హెలికాప్టర్‌లో సీటు కోసం అతను అడగని ఆఫీసు లేదు. ఇక్కడ హరితకి నొప్పులు ముందే వచ్చేశాయి. వాళ్ళమ్మ ఫెరార్‌గంజ్‌లో ఆవుల్ని, తోటని వదిలి రావడానికి ఆలస్యమైంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఎవరు ఎంత ప్రయత్నించినా ఏడవలేదు.

ఆ కబురు అతనికి ఫోన్‌లో చెప్పిందీ నేనే. లైను సరిగ్గా లేదు. "ఏంటి మేడం? ఆవాజ్ కట్ అవుతోంది" అన్నాడు. ఆ మాట నేను రెండోసారి చెప్పాల్సివచ్చింది. రెండోసారి చెప్పడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది.

అతను వచ్చేసరికి పాపని సాగనంపేశాం. హరిత అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు. అతను మా వసారాలోకి వచ్చి నిలబడి, "ఎవరి పోలిక మేడం?" అని అడిగాడు. నీ పోలికే అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు అతను షిప్ గురించి గాని, హరిత ఆ పాప గురించి గాని ఎత్తలేదు. గోడకి అవతల వాళ్ళింట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటలు వినపడేవి కావు.

అప్పటికి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. మెయిన్‌లాండ్ నుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి కొన్ని పెద్ద దీవులకి. శాటిలైట్ మీద నత్తనడక నడిచిన నెట్ కాస్త లేచి పరుగెత్తడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు దాంతో వీడియోలు చూశారు. రాజ్‌కిరణ్ కూడా వీడియోలే చూశాడు, కాకపోతే అవి పాఠాలు. చాలా సర్వర్లలో ఒకేసారి, కూర్చున్నచోటి నుంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఎలాగో నేర్పే పాఠాలు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టుకుని, వాటికి దీవుల పేర్లు పెట్టి సాధన చేశాడు. మంచం పక్కన కమోర్టా, బియ్యం డబ్బా మీద కార్ నికోబార్.

"అసలేం చేస్తున్నావు నువ్వు?" అని ఒకరోజు నిలదీశాను.

అతను మా వసారాలో మెట్టు మీద కూర్చుని చెప్పాడు. దాన్ని యాన్సిబుల్ అంటారట. ప్రతి సర్వర్‌లోకి వెళ్ళి ఇది చెయ్యి, అది చెయ్యి అని చేత్తో టైపు చేసే బదులు, సర్వర్ చివరికి ఎలా ఉండాలో ఒక ఫైల్‌లో రాసిపెడతారు. ఈ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఈ వెర్షనే ఉండాలి, ఈ సర్వీసు నడుస్తూ ఉండాలి అని. ఆ ఫైల్ పేరు ప్లేబుక్. దాన్ని నడిపితే అది ప్రతి సర్వర్‌లోకి వెళ్ళి చూస్తుంది. రాసినట్టే ఉంటే ముట్టుకోదు. లేకపోతే సరిచేస్తుంది. ఉన్నది ఉన్నట్టుంటే పచ్చ రంగులో, మార్చి ఉంటే పసుపు రంగులో, కుదరకపోతే ఎర్ర రంగులో తెర మీద చెబుతుంది.

"అంటే అన్ని క్లాసులకీ మైకులో ఒకటే డిక్టేషన్" అన్నాను. "సరిగ్గా రాసినవాడి జోలికి పోరు, తప్పు రాసినవాడిచేత దిద్దిస్తారు."

"హాఁ మేడం, అదే. ఎన్నిసార్లు చెప్పినా నష్టం లేదు."

"నీకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండేది కాదు."

చాలా నెలల తర్వాత అతను నవ్వడం అప్పుడే చూశాను. తర్వాత నవ్వు ఆపి, నేలవైపు చూస్తూ, "ఇది కుదిరితే నేను షిప్ ఎక్కక్కర్లేదు మేడం. ఇంకోసారి హరిత ఒంటరిగా ఉండదు" అన్నాడు. హరితకి మళ్ళీ నెల తప్పిందని నాకు అప్పుడే తెలిసింది. సంతోషం కంటే ముందు భయం వేసింది. అతని మొహంలోనూ ఉన్నది భయమే.

ఏజెన్సీలో అతని పై అధికారి గోపినాథ్, మెయిన్‌లాండ్‌లో ఉంటాడు. వీడియోలో తప్ప రాజ్‌కిరణ్ అతన్ని ఎప్పుడూ చూడలేదు. ప్రయత్నించి చూడండి కిరణ్‌గారూ, కుదిరితే మంచిదేగా అన్నాడట. ప్లేబుక్ మొదటిసారి నడపడానికి రాజ్‌కిరణ్ కమోర్టాని ఎంచుకున్నాడు. అక్కడి దుకాణంలో ఆపరేటర్ లక్ష్ముడు నమ్మకమైన మనిషి, పైగా మన శ్రీకాకుళం వైపువాడే. ఏదైనా తేడా వస్తే సర్వర్ దగ్గర మనిషి ఉండాలని ఆలోచించి, ఆ దీవికి షిప్ వచ్చే రోజు పెట్టుకున్నాడు. షిప్ వచ్చే రోజు దుకాణంలో తప్పకుండా అందరూ ఉంటారని అతని నమ్మకం, అందుకే లక్ష్ముడికి ముందుగా ఫోన్ కూడా చెయ్యలేదు. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాడు, అతను వెళ్ళినప్పుడల్లా దుకాణం తీసే ఉంటుంది, సర్వర్ ఆన్ చేసే ఉంటుంది, లక్ష్ముడు కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంటాడు.

ఉంటాడు మరి. ఇతను ఆ షిప్‌లోంచి దిగుతాడు కాబట్టి ఉంటాడు. ఇతను దిగని షిప్ రోజు ఆ దుకాణంలో ఏం జరుగుతుందో ఇతనికెలా తెలుస్తుంది?

ప్లేబుక్ నడుస్తోంది. పచ్చ, పసుపు, పసుపు. పాత డేటాబేస్ తీసి కొత్తది పెట్టే దగ్గరకొచ్చి ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు. సర్వర్ అందడం లేదని. ఫోన్ చేస్తే లక్ష్ముడు ఎత్తలేదు. గోడకి ఇవతల నాకు వినపడేలా రాజ్‌కిరణ్ గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. ఎంతోసేపటికి, నేను వాళ్ళింటికి వెళ్ళాక, లక్ష్ముడే తిరిగి చేస్తే స్పీకర్‌లో పెట్టాడు. లక్ష్ముడు జెట్టీ మీద ఉన్నాడు, వెనక క్రేను రొద.

"నానేటి సేసినాను? షిప్పొచ్చింది కదా, మెయిన్ కట్టీసి జెట్టీకొచ్చీసినాను. బస్తాలు దింపుతున్నాం."

"మెయిన్ ఎందుకు కట్టేశావు అన్నయ్యా?"

"ఏటి ఎందుకంటావు? మనిషి లేనప్పుడు మిషన్ ఆన్‌లో ఎట్టొద్దు, కరెంటు ఎక్కువా తక్కువా వస్తే కాలిపోద్దని నువ్వే కదేటి సెప్పినావు. ఆ రోజునుంచీ షిప్పొచ్చిన ప్రతిసారీ కట్టీసే ఎల్తన్నాను."

రాజ్‌కిరణ్ ఫోన్ పెట్టేశాడు. దీవుల్లో షిప్ వచ్చిందంటే దుకాణం మూసి ఊరంతా జెట్టీ మీదే ఉంటుందని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఇతనికీ తెలుసు. కానీ ఇతను ఎప్పుడూ షిప్‌లోంచే చూశాడు.

ఆ సర్వర్‌లో పాత డేటాబేస్ సగం పోయింది, కొత్తది సగం ఎక్కింది. బ్యాకప్ ఉంది గాని, సర్వర్ పూర్తిగా లేవకుండా దూరం నుంచి దానిలోకి వెళ్ళడం కుదరదు, అక్కడే మనిషి కూర్చుని టైపు చెయ్యాలి. లేదా ఇతను షిప్ ఎక్కాలి. హరిత వాకిట్లో నిలబడి వింటోంది. చెయ్యి గోడమీద ఆనించి నిలబడి ఉంది. ఆ చెయ్యి చూసి రాజ్‌కిరణ్, "నేను ఎక్కను. అన్నయ్యచేతే చేయిస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా వీడియో కాల్ నడిచింది. లక్ష్ముడు ఒక చేత్తో ఫోన్ తెరకి ఎదురుగా పట్టుకుని రెండో చేతి చూపుడువేలితో టైపు చేశాడు. ఇక్కణ్ణుంచి రాజ్‌కిరణ్ ఒక్కొక్క అక్షరం చెప్పాడు.

"ఆ గీత అడ్డంగానా, నిలువుగానా?"

"అడ్డం అన్నయ్యా. దాని తర్వాత జాగా వదలకు."

"వదిలీసినాను మరి."

"అయితే చెరిపెయ్. ధీరే ధీరే. తొందరేం లేదు."

నేను ఉప్మా చేసి పట్టుకెళితే గిన్నె అలాగే చల్లారిపోయింది. చివరికి సర్వర్ లేచింది. అటునుంచి లక్ష్ముడు "లేసిందిరా బాబూ" అన్నాడు, ఇటు రాజ్‌కిరణ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రమే ప్లేబుక్‌లో ఇంకో నియమం చేర్చాడు. ఏ దీవికి ఏ రోజు షిప్ ఉందో ముందు చూడాలి, ఆరోజు ఆ దీవి సర్వర్ జోలికి వెళ్ళకూడదు. షెడ్యూల్ మారినప్పుడల్లా తనే అందులో ఎక్కించేవాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. ఒక్కొక్క దీవినీ కలుపుకుంటూ పోయాడు. అన్నీ పచ్చగా వచ్చేవి. వర్షాకాలం నడుస్తుండగా రాజ్‌కిరణ్ లుంగీతో బయటికొచ్చి చేపలవాడితో బేరమాడుతుంటే వీధిలో వాళ్ళు వింతగా చూశారు. అతను వంట నేర్చుకున్నాడు, హరితకి కాళ్ళు వాస్తే పీట తెచ్చి వేసేవాడు. గోడకి అవతల మళ్ళీ మాటలు వినపడ్డాయి. ఒక్కోసారి పోట్లాటలు కూడా. నాకు ఆ పోట్లాటలు వింటుంటే ప్రాణం లేచొచ్చేది. విమానం వస్తే ఇద్దరూ తిట్టుకోవడం ఆపి, అది దిగాక మళ్ళీ అందుకునేవాళ్ళు.

గోపినాథ్‌కి కూడా సంతోషమే. "ఎక్సలెంట్ కిరణ్‌గారూ. ఇదంతా వివరంగా రాసి పంపండి. కొత్తవాళ్ళెవరైనా చదివి అర్థం చేసుకునేలా ఉండాలి" అన్నాడట. రాజ్‌కిరణ్ చాలా రోజులు కూర్చుని రాశాడు. ఏ దీవిలో నెట్ ఎప్పుడు మందగిస్తుంది, ఎక్కడ యూపీఎస్ నమ్మకూడదు, షిప్ రోజు ఎందుకు ముట్టుకోకూడదు, తెలిసినదంతా. ఇంగ్లీషులో రాశాడు కాబట్టి నేను దిద్దలేదు. కానీ వీడియో మీటింగ్‌లో అందరికీ చూపించిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా ఇంటికొచ్చి, ఎలా ఉంది మేడం అని అడిగి మరీ వెళ్ళాడు. బళ్ళో ఎన్నడూ చూడని గర్వం అతని మొహంలో చూశాను.

హరితకి ఏడో నెల దాటాక మెయిల్ వచ్చింది. వచ్చే నెలనుంచి ప్లేబుక్‌ని మెయిన్‌లాండ్ ఆఫీసు నుంచే నడుపుతారు. అక్కడ టీమ్ ఉంది, రోజంతా ఎవరో ఒకరు ఉంటారు. రాజ్‌కిరణ్‌ది ఇకమీదట ఫీల్డ్ సపోర్టు. అంటే సర్వర్ కాలిపోతేనో, డిస్కు చెడిపోతేనో, తీగ ఊడితేనో వెళ్ళి చూసే పని. దూరం నుంచి చెయ్యగలిగినవన్నీ వాళ్ళవి. మనిషి వెళ్ళి చెయ్యాల్సినవన్నీ ఇతనివి.

అతను ఆ మెయిల్ నాకు చదివి వినిపించాడు. గొంతులో కోపం కూడా లేదు.

"పోర్ట్ బ్లెయిర్ నుంచి చేస్తే సరిపోయే పని ఎక్కణ్ణుంచి చేసినా సరిపోతుంది కదా మేడం. నాకు ఇది ముందే తట్టాల్సింది."

"వాళ్ళకి సిగ్గుండాలి. నువ్వు కష్టపడి చేసినది తీసుకుని..."

"వాళ్ళ తప్పు కాదు. నేను బాగా రాశాను. బాగా రాస్తే ఎవరైనా నడపొచ్చు. దాని లెక్కే అంత."

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఇంట్లో కూర్చుని చేసే పని ఇతను తయారుచేస్తే, ఆ పని అవతలికి వెళ్ళిపోయి ఇతనికి మళ్ళీ షిప్ ఒక్కటే మిగిలింది. ఇదివరకు కనీసం తిరిగొచ్చాక నాలుగు రోజులు ఆఫీసు పని ఉండేది. ఇప్పుడు షిప్ దిగితే ఇంకో షిప్.

పిలుపు హరితకి తొమ్మిదో నెల వచ్చాక వచ్చింది. కచ్చల్‌లో సర్వర్ డిస్కు చచ్చిపోయింది. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, ఇనుము అరిగినట్టు అదీ అరిగిపోయింది. ఏ ప్లేబుక్కూ దూరం నుంచి కొత్త డిస్కు బిగించలేదు కదా. దుకాణంలో చేతిరాత బిల్లులతో నెట్టుకొస్తున్నారు. నికోబార్ దీవుల్లోకి వెళ్ళాలంటే ప్రభుత్వం ఇచ్చే పాసు కావాలి. అది చేతిలో ఉన్నవాడు ఏజెన్సీలో ఇతనొక్కడే. గోపినాథ్ తనే ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే నేనూ అక్కడే ఉన్నాను. హరిత వంటింటి గుమ్మంలో ఉంది.

"కిరణ్‌గారూ, మీ పరిస్థితి నాకు తెలుసండి. కానీ దుకాణం ఆగిపోయింది. ఒక్క ట్రిప్. వెళ్ళి రాగానే సెలవు తీసుకోండి."

"నేను వెళ్ళలేను సార్."

"డెలివరీకి ఇంకా టైముంది కదండీ?"

ఆ మాట ఆ ఇంట్లో ఇంతకుముందు ఒకసారి అన్నారని ఆ పెద్దమనిషికి ఏం తెలుసు? హరిత లోపలికి వెళ్ళిపోయింది. "సముద్రం మా చేతుల్లో లేదు సార్. నేను వెళ్ళను" అని రాజ్‌కిరణ్ మళ్ళీ అన్నాడు. గోపినాథ్, "కాంట్రాక్టులో మీ పని అదొక్కటే మిగిలింది కిరణ్‌గారూ. అదీ చెయ్యనంటే నేనేం చెప్పను వాళ్ళకి?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఈ నెలాఖరుతో కాంట్రాక్టు ముగుస్తుందనే ఉత్తరం కూడా అంతే మర్యాదగా వచ్చింది.

ఆ రాత్రి హరిత సంతోషిస్తుందనుకున్నాను. పొద్దున్నే నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఆయన వెళ్తాడేమోనని తొమ్మిది నెలలుగా భయపడ్డాను ఆంటీ. ఇప్పుడు వెళ్ళలేదు. భయం మాత్రం పోలేదు. పుట్టబోయే బిడ్డకి నాన్న ఇంట్లో ఉంటాడు సరే, ఇంట్లోనే ఉండిపోతే ఎలా?" అంది. నేను టీ పెట్టిచ్చాను.

ఏజెన్సీవాళ్ళు ఇంకొకతన్ని చూసుకున్నారు. పేరు లోకేష్. డిగ్లీపూర్ నుంచి వచ్చాడు, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. పాసు ఎలాగో తొందరగా సంపాదించారు. పని నేర్పమని రాజ్‌కిరణ్‌ని అడిగితే కాదనలేదు. రెండు సాయంత్రాలు మా రెండిళ్ళ మధ్య వసారాలో కూర్చోబెట్టి, పాత సర్వర్ విప్పి, డిస్కు ఎలా తియ్యాలో, ఎలా బిగించాలో చూపించాడు. బిగించి నెట్ కలిపితే చాలు, మిగతాదంతా మెయిన్‌లాండ్ నుంచి వాళ్ళే ఎక్కిస్తారని చెప్పాడు. హరిత అతనికి టీ ఇచ్చింది, నేను జంతికలు పెట్టాను.

"నికోబార్ దారిలో సముద్రం, ఆ టెన్ డిగ్రీ ఛానల్‌లో షిప్ బాగా ఊగుతుందంట కదా భయ్యా? నేనెప్పుడూ హట్ బే దాటి వెళ్ళలేదు" అన్నాడు లోకేష్.

"ఊగుతుంది. ఎక్కే ముందే మాత్ర వేసుకో. ఖాళీ కడుపుతో ఉండకు. కింద బంక్ దొరికితే అదే తీసుకో."

లోకేష్ శ్రద్ధగా అన్నీ విన్నాడు. వెళ్ళేముందు నా కాళ్ళకి దండం పెట్టబోతే వద్దన్నాను.

వాతావరణం బాగోలేక షిప్ కొన్ని రోజులు వెనక్కి జరిగింది. అది బయల్దేరిన రోజు తెల్లవారుతుండగానే హరితకి నొప్పులు మొదలయ్యాయి. ఈసారి ఆటో పిలిచింది రాజ్‌కిరణ్. ఆమెని పట్టుకుని ఎక్కించిందీ అతనే. నేను వెనక కూర్చుని సంచీ పట్టుకున్నాను, అంతే. లేబర్ రూమ్ బయట బెంచీ మీద అతను నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై దాటిన మగాడు, నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నాడు. లోపలినుంచి బిడ్డ ఏడుపు వినపడగానే వదిలేసి గోడవైపు తిరిగిపోయాడు. ఏడుపు ఆగలేదు. బిడ్డదీ ఆగలేదు, అతనిదీ ఆగలేదు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

ఆడపిల్లే. నర్సు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఎత్తుకోవడం తెలీక మోచేతులు బిగించి, ఊపిరి కూడా తీసుకోకుండా నిలబడ్డాడు. "దీదీ, ఠీక్ హై నా?" అని నర్సుని ఎన్నిసార్లు అడిగాడో. బాగానే ఉంది, ఇక ఇచ్చెయ్ అని ఆవిడ విసుక్కుంది.

మధ్యాహ్నం వార్డులో హరిత తేరుకుంది. పాప ఆమె పక్కన నిద్రపోతోంది. రాజ్‌కిరణ్ స్టూలు మీద కూర్చుని, పాప వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటీ ముట్టుకుంటున్నాడు. వచ్చే నెల ఏం చెయ్యాలో అతనికి తెలీదు. ఆ విషయం ఆ పూట ఎవరమూ ఎత్తలేదు. ఇలాంటి మధ్యాహ్నం కోసమే కదా ఇంత చేశాడు, కనీసం ఇదొక్కటైనా అతనికి దక్కింది అనుకున్నాను.

హరిత కాసేపు పైకప్పు చూస్తూ పడుకుని, "షిప్ వెళ్ళిపోయిందా?" అని అడిగింది.

"పొద్దున్నే వెళ్ళిపోయింది."

"లోకేష్ ఎక్కాడా?"

"ఎక్కాడు. బంక్ దొరికిందని మెసేజ్ పెట్టాడు."

హరిత మొహం అతనివైపు తిప్పింది. "అతనికి పెళ్ళయిందా?"

రాజ్‌కిరణ్ నావైపు చూశాడు. నేను పాపవైపు చూశాను. రెండు సాయంత్రాలు మా వసారాలో కూర్చున్నాడు ఆ మనిషి. డిస్కు గురించి చెప్పాం, మాత్ర గురించి చెప్పాం. ఇంటి దగ్గర ఎవరున్నారని ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

"తెలీదు" అన్నాడు రాజ్‌కిరణ్.

"ఫోన్ చెయ్యండి."

అతను ఫోన్ తీసి చేశాడు. మీరు డయల్ చేసిన నంబర్ అందుబాటులో లేదని హిందీలో చెప్పింది, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. ఇంకోసారి చేశాడు. అదే.

హరిత పాపని దగ్గరికి తీసుకుంటూ, "సాయంత్రం మళ్ళీ చెయ్యండి" అంది.

సాయంత్రానికి ఆ షిప్ టెన్ డిగ్రీ ఛానల్‌లో ఉంటుందని, అక్కడ ఏ ఫోనూ పలకదని అతనికి మా ఇద్దరికంటే బాగా తెలుసు. "చేస్తాను" అన్నాడు.